నాటిన అడవుల్లో చెట్ల కొలత: వర్చువల్ రియాలిటీ ఎంతవరకు ఉపకరిస్తుంది?

ఒక చెట్టులో ఎంత కలప ఉన్నదో దానిని నరకకుండానే తెలుసుకోవలసి రావడం అటవీ శాస్త్రంలోని పాత చిక్కుల్లో ఒకటి. వరి పంటనైతే కోసి, నూర్చి, తూకం వేసి దిగుబడి చెప్పవచ్చు. నాటిన అడవిలో చెట్టు పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో నిలిచి ఉంటుంది. తోటను ఎప్పుడు పలచన చేయాలి, ఎప్పుడు కొట్టాలి, ఏ మిల్లుకు ఎంత సరకు ఇస్తామని ఒప్పుకోవాలి అనే నిర్ణయాలన్నీ నిలిచి ఉన్న చెట్ల కొలతల మీదనే ఆధారపడతాయి. ఆ కొలత తప్పితే నష్టం ఒక్క ఏడాదితో పోదు. లేని కలపను అమ్ముతానని సంతకం చేసిన యజమాని మూడేళ్ళ తరువాత కొట్టవలసిన చెట్లను ముందే కొట్టవలసి వస్తుంది. ఉన్న కలపను తక్కువగా లెక్కించినవాడు చౌకగా అమ్ముకుంటాడు.

ప్రతి చెట్టునూ కొలవడం సాధ్యం కాదు కనుక నమూనా ప్లాట్లను ఎంచుకుంటారు. 11.28 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీస్తే దాని విస్తీర్ణం 400 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో ఇరవై అయిదో వంతు. ఆ వృత్తంలో లెక్కకు వచ్చిన చెట్లను 25తో గుణిస్తే హెక్టారుకు ఎన్ని చెట్లో తెలుస్తుంది. ఈ గుణకారం సౌకర్యమే గాని, తప్పును కూడా అదే గుణిస్తుంది. ప్లాటులో ఒక్క చెట్టును చూడక వదిలేస్తే హెక్టారుకు 25 చెట్లు పోయినట్లే.

ప్లాటులో ప్రధానంగా రెండు కొలతలు తీసుకుంటారు. మొదటిది రొమ్ము ఎత్తు వద్ద చుట్టుకొలత లేదా వ్యాసం. ఈ రొమ్ము ఎత్తు దేశానికొక తీరుగా ఉన్నది: మన దేశంలో 1.37 మీటర్లు, ఆస్ట్రేలియాలో 1.3 మీటర్లు, న్యూజిలాండ్‌లో 1.4 మీటర్లు. ఘనపరిమాణం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల మానును 32గా రాసుకుంటే, చూడడానికి రెండు సెంటీమీటర్ల తేడాయే అయినా, కలప లెక్క సుమారు 14 శాతం పెరిగిపోతుంది. అయినా ఇది టేపుతో తీరే కొలత. జాగ్రత్తగా చుడితే పొరపాటు తక్కువ.

రెండవది ఎత్తు. ఇక్కడ టేపు పనికిరాదు. చెట్టుకు కొంత దూరాన నిలబడి క్లైనోమీటరుతో చెట్టు కొనను, మొదలును చూసి, ఆ కోణాల నుంచి త్రికోణమితి ద్వారా ఎత్తు కడతారు. ఈ లెక్క చెట్టు నిట్టనిలువుగా ఉన్నదని అనుకుంటుంది. చెట్టు మొదలుకు 20 మీటర్ల దూరాన నిలబడ్డామనుకుందాం. మన కంటిమట్టానికి పైన 25 మీటర్ల ఎత్తున ఉన్న కొన రెండు మీటర్లు మనవైపు వాలి ఉంటే, లెక్కలో అది దాదాపు 27.8 మీటర్లుగా వస్తుంది. వాలు అవతలి వైపు ఉంటే తగ్గి వస్తుంది. దట్టమైన తోటలో ఇంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది: కొన అసలు కనిపించదు. పక్క చెట్టు కొమ్మను ఈ చెట్టు కొనగా భ్రమపడడం అనుభవజ్ఞులకు సైతం జరిగే పొరపాటే.

మూడో అంశం ఒకటి ఉంది. దానిని అంకెల్లో చెప్పడం కష్టం గాని, ధర నిర్ణయించేది తరచుగా అదే. మాను నిటారుగా ఉందా, ఎక్కడ వంపు తిరిగింది, పంగ ఎంత ఎత్తున పడింది, కొన విరిగి మళ్ళీ పక్క కొమ్మ లేచిందా, కొమ్మలు ఎంత లావు? ఒకే వ్యాసం, ఒకే ఎత్తు గల రెండు చెట్లలో ఒకటి రంపపు మిల్లుకు పోయే దుంగలనిస్తే, రెండవది కాగితపు గుజ్జుకు మాత్రమే పనికిరావచ్చు. దీనిని కంటితో చూసి చెప్పవలసిందే. వర్చువల్ రియాలిటీ ప్రసక్తి వచ్చేది ప్రధానంగా ఈ మూడో అంశం దగ్గర.

ఈ సాధనాన్ని అడవి కొలతకు శ్రద్ధగా పరీక్షించిన చోట్లలో ఆస్ట్రేలియా ఒకటి. ఆ దేశంలో సుమారు పది లక్షల హెక్టార్లలో సూదిఆకు జాతుల తోటలు ఉన్నాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు రేడియేటా పైన్. కాలిఫోర్నియా తీరాన కొద్దిపాటి జాగాలో సహజంగా పెరిగే ఈ వృక్షం దక్షిణార్ధగోళంలో చిలీ, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు ప్రధాన కలప పంట అయింది. సుమారు ముప్పై ఏళ్ళకు కోతకు వచ్చే ఈ తోటల్లో కొన్ని ఏటవాలు కొండల మీద ఉంటాయి. కింద బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు మనిషిని అడుగు వేయనివ్వవు. కొలత బృందం ఒక ప్లాటు నుంచి ఇంకో ప్లాటుకు చేరడానికే రోజులో పెద్ద భాగం పోతుంది. జారిపడడం, ఎండిన కొమ్మలు మీద పడడం వంటి ప్రమాదాలు సరేసరి. అందువల్ల అక్కడి అటవీ పరిశ్రమ, విశ్వవిద్యాలయాలు కలిసి గగనతలం నుంచి లేజరుతో తోటలను చిత్రించే పద్ధతుల వైపు మళ్ళాయి. ఆ లేజర్ చిత్రాలలోకి మనిషిని దింపి చెట్లను పరిశీలింపజేసే ప్రయత్నం టాస్మేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేశారు.

లేజర్ ఏమి చేస్తుందో ముందుగా చూడాలి, ఎందుకంటే అసలు కొలిచేది అదే. స్కానర్ ఒక కాంతి స్పందనను పంపి, అది దేనికైనా తగిలి వెనుదిరిగి వచ్చేసరికి ఎంత కాలం పట్టిందో గమనిస్తుంది. కాంతి సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో 30 సెంటీమీటర్లు పోతుంది. పోయి రావలసి ఉంటుంది కనుక ఆ కాలపు తేడా 15 సెంటీమీటర్ల దూరానికి సమానం. సెంటీమీటరు కచ్చితత్వం కావాలంటే గడియారం ఇంకా ఎంత సూక్ష్మంగా నడవాలో ఊహించుకోవచ్చు. ఇలా తగిలిన ప్రతి చోటూ పొడవు, వెడల్పు, ఎత్తులతో ఒక బిందువుగా నమోదవుతుంది. నేలమీద ముక్కాలి పీటపై నిలిపిన స్కానర్ కొద్ది నిమిషాల్లో లక్షల కొద్దీ బిందువులను పోగుచేస్తుంది. తక్కువ ఎత్తున ఎగిరే హెలికాప్టరు లేదా డ్రోను నుంచి చదరపు మీటరుకు వందల బిందువులు లభిస్తాయి. ఈ రాశిని బిందు మేఘం అంటున్నారు. పేరు బాగానే కుదిరింది. దూరం నుంచి చూస్తే అడవిలా ఉంటుంది, దగ్గరకు పోతే పట్టుకు చిక్కదు.

ఈ మేఘం నుంచి చెట్లను విడదీసి, మానుకు స్తంభం అమర్చి, వ్యాసమూ ఎత్తూ లెక్కకట్టే కంప్యూటర్ పద్ధతులు చాలా వచ్చాయి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డీప్ లెర్నింగ్ ఆధారంగా ఇదే పని చేసే పద్ధతులను రూపొందించారు. నిటారుగా, ఎడంగా నిలిచిన చెట్ల మీద ఇవి చక్కగా పనిచేస్తాయి. పంగలు పడిన చెట్టు, పక్క చెట్టుపై ఒరిగిన చెట్టు, పెద్ద చెట్టు నీడన అణగిపోయిన చెట్టు ఎదురైనప్పుడు తడబడతాయి. పంగ చెట్టును రెండు చెట్లుగా, జంట చెట్లను ఒకే చెట్టుగా లెక్కించడం వీటికి పరిపాటి. కలపకు విలువ తగ్గేది ఇటువంటి చెట్లలోనే గనుక, యంత్రం తప్పేదీ ధర మారేదీ ఒకే చోట కావడం దీనిలోని అసలు ఇబ్బంది.

మరి మనిషినే కూర్చోబెట్టి కంప్యూటర్ తెర మీద మేఘాన్ని చూపితే? చూపవచ్చు, చూపుతున్నారు కూడా. కాని బల్లపరుపు తెరమీద ముందున్న బిందువు, వెనుకనున్న బిందువు ఒకదానిపై ఒకటి పడిపోతాయి. ఏ కొమ్మ ఏ చెట్టుదో తేల్చడానికి బొమ్మను అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. నిజమైన అడవిలో ఈ పని మన రెండు కళ్ళు చేసిపెడతాయి. పెద్దవారిలో కంటిపాపల మధ్య ఎడం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ ఎడం వల్ల రెండు కళ్ళకూ కొద్దిగా వేరైన బొమ్మలు పడతాయి. ఆ తేడా నుంచే మెదడు లోతును గ్రహిస్తుంది. చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో స్టీరియోస్కోపును వివరించి ఈ సంగతిని రుజువు చేశాడు. అటవీ ఉద్యోగులకు ఇది కొత్త విద్య కాదు. విమానం నుంచి అరవై శాతం మేర ఒకదానినొకటి కప్పుకొనేలా తీసిన ఫొటోల జతలను స్టీరియోస్కోపు కింద పెట్టి, చెట్ల ఎత్తులు అంచనా కట్టడం దశాబ్దాలపాటు సాగింది. తలకు తొడిగే తెరను ఐవాన్ సదర్లాండ్ 1968లో తయారుచేశాడు. 2016లో హెచ్‌టీసీ వైవ్, ఆక్యులస్ రిఫ్ట్ అంగడికి వచ్చేసరికి అది పరిశోధనశాల దాటి మామూలు బల్లమీదికి చేరింది. వర్చువల్ రియాలిటీని పాత స్టీరియోస్కోపు వారసురాలిగా చూడడం ఈ రచయితకు సబబుగా తోస్తుంది; అలా చూస్తే దానినుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో తేలికగా బోధపడుతుంది.

పని ఇలా సాగుతుంది. కొలిచే వ్యక్తి హెడ్‌సెట్ పెట్టుకోగానే ఒక నమూనా ప్లాటు అతని చుట్టూ నిలుస్తుంది. తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది, అడుగు వేస్తే చెట్టు దగ్గరవుతుంది. వైవ్ వంటి సాధనం సెకనుకు 90 సార్లు బొమ్మను మార్చి గీయాలి. అంతకన్నా ఆలస్యమైతే తల తిరుగుడు, వికారం మొదలవుతాయి. కోట్ల బిందువులను ఆ వేగంతో గీయడం సాధ్యం కాదు గనుక దగ్గరివాటిని వివరంగా, దూరపువాటిని పలచగా చూపేలా దత్తాంశాన్ని ముందే దొంతరలుగా అమర్చుకుంటారు. చేతిలోని నియంత్రికతో మాను చుట్టూ ఒక కడియం వేసి, అది బిందువులకు సరిగ్గా అంటుకునే వరకు బిగిస్తే ఆ ఎత్తున వ్యాసం నమోదవుతుంది. కొనపై ఒక గుర్తు, పంగపై మరొక గుర్తు, వంపు మొదలైన చోట, ముగిసిన చోట చెరొక గుర్తు. కొలిచిన చెట్టు రంగు మారుతుంది. కాబట్టి ఒకే చెట్టును రెండుసార్లు లెక్కించడం గాని, మూల చెట్టును మరచిపోవడం గాని ఉండదు. అడవిలో దీనికోసమే మానుల మీద సుద్దతో గీతలు గీస్తారు.

ఇంతవరకు చెప్పినది అడవిలో చేసే పనినే గదిలోకి తేవడం. దీనికన్నా మెరుగైన లాభం మరొకటి ఉన్నది. మన రెండు కళ్ళ లోతు గ్రహణ శక్తి దూరం పెరిగేకొద్దీ వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే లోతు అంచనాలో పొరపాటు దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుచేత నేలమీద నిలబడి 35 మీటర్ల పైన ఏ కొమ్మ ముందు, ఏ కొమ్మ వెనుక అన్నది ఎంతటి అనుభవశాలికైనా చెప్పడం కష్టం. హెడ్‌సెట్‌లో మాత్రం ఆ కొన దగ్గరికే ఎగిరి వెళ్ళి, పక్కన నిలిచి చూడవచ్చు. లేదా చూసేవాడు తానే రాక్షసాకారం దాల్చి, తోటంతా మోకాలి ఎత్తు ఉండేలా కుదించుకోవచ్చు. అప్పుడు అతని రెండు కళ్ళ మధ్య ఎడం మీటర్లలోకి పెరిగినట్లవుతుంది, దూరపు చెట్ల లోతు కొట్టొచ్చినట్లు కనబడుతుంది. విమాన ఫొటోల జతలో జరిగేది కూడా ఇదే. రెండు ఫొటోల మధ్య విమానం వందల మీటర్లు కదలడం వల్ల గుట్టలూ చెట్లూ అతిగా ఉబికి కనిపించేవి. ఏ అడవిలోనూ ఏ మనిషికీ దొరకని చూపు ఇది. విరిగిన కొన, దాని పక్కనుంచి లేచిన కొత్త కొన వంటివి ఇలా చూసినప్పుడే తేటతెల్లమవుతాయి.

అయితే మేఘంలో లేనిదానిని ఏ హెడ్‌సెట్టూ చూపలేదు. ఈ మాట పదేపదే గుర్తుచేసుకోవలసి ఉంటుంది, ఎందుకంటే దృశ్యం ఎంత నమ్మకంగా ఉంటుందో పొరపాటూ అంత నమ్మకంగానే కనిపిస్తుంది. పైనుంచి స్కాన్ చేసినప్పుడు చాలా స్పందనలు ఆకుల గుబురులోనే ఆగిపోతాయి. కింది మానుకు ఒక పక్కన మాత్రమే కొన్ని బిందువులు తగులుతాయి. ఆ నెలవంక ముక్కకు కడియం తొడిగి వ్యాసం చెప్పడమంటే మిగతా భాగాన్ని ఊహించడమే. నేలమీది స్కానర్‌తో మొదలు బాగా కనబడుతుంది గాని, ఒకే చోటినుంచి స్కాన్ చేస్తే ముందు చెట్టు వెనుక చెట్టును కప్పేస్తుంది. అందుకే ఒక ప్లాటుకు నాలుగైదు చోట్ల పీట వేసి అన్నింటినీ జతచేస్తారు. గాలి వీచే రోజున కొనలు ఊగి మసకబారతాయి. లేజర్ కిరణానికి కొంత మందం ఉంటుంది. అది మాను అంచుకు సగం, వెనుకనున్న దానికి సగం తగిలినప్పుడు రెండింటి మధ్య శూన్యంలో బూటకపు బిందువులు పుడతాయి. వాటిని కలుపుకుంటే మాను ఉన్నదానికన్నా లావుగా తోస్తుంది. సూదిలాంటి కొన మీద స్పందన పడకుండా తప్పిపోవడం వల్ల ఎత్తు కాస్త తక్కువగా రావడం కూడా తరచుగా గమనించిన విషయమే.

నేలమట్టం సంగతి మరీ ముఖ్యం. రొమ్ము ఎత్తును నేల నుంచి లెక్కించాలి. ముళ్ళపొదలు దట్టంగా ఉన్నచోట లేజర్ నేలను తాకకపోతే, కంప్యూటర్ పొదల పైభాగాన్నే నేలగా భావిస్తుంది. అప్పుడు 1.3 మీటర్లనుకున్న కొలత వాస్తవంగా రెండు మీటర్ల ఎత్తున పడవచ్చు. మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ప్లాటులోని చెట్లన్నీ ఒకే దిశలో తక్కువ వ్యాసంతో నమోదవుతాయి. ఒక చెట్టు ఎక్కువ, ఒక చెట్టు తక్కువ అయ్యే పొరపాట్లు సగటులో సర్దుకుంటాయి. ఇలా ఒకే వైపు మొగ్గే పొరపాటు సర్దుకోదు. హెడ్‌సెట్‌లో ఉన్న అనుభవశాలి మాను మొదలు పొదల్లో మునిగి ఉన్నదని గుర్తుపట్టగలడు. యంత్రానికి ఆ సందేహం రాదు.

మనిషిని లూపులోకి తెచ్చినప్పుడు మనిషి లోపాలు కూడా వస్తాయి. ఒకే చెట్టుకు ఇద్దరు వేర్వేరు కడియాలు వేస్తారు. గంట దాటితే కళ్ళు అలసి, చేయి వణికి, సాయంత్రపు కొలతలు ఉదయపు కొలతల్లా ఉండవు. కాబట్టి కొన్ని ప్లాట్లను ఇద్దరి చేత విడివిడిగా కొలిపించి తేడాలు చూడడం, కొన్ని చెట్లను నిజంగా కొట్టి నేలమీద టేపుతో కొలిచి పోల్చడం తప్పనిసరి. నిలిచి ఉన్న చెట్టును క్లైనోమీటరుతో కొలిచి, దానిని ప్రమాణంగా పెట్టుకుని హెడ్‌సెట్ కొలతను తప్పుపట్టే నివేదికలు న్యాయమైనవి కావు. పైన చెప్పినట్లు, ఎత్తు విషయంలో క్లైనోమీటరే తప్పి ఉండవచ్చు.

వేల హెక్టార్ల తోటను మనుషులు హెడ్‌సెట్‌లతో కొలవడం కుదిరే పని కాదు. ఈ సాధనం నిలబడే చోటు రెండు పనుల మధ్యలో ఉన్నదని చెప్పవచ్చు. మామూలు చెట్లను కంప్యూటరే లెక్కించి, తనకు అనుమానం వచ్చిన వాటిని పక్కకు తీస్తుంది. మనిషి వాటిని మాత్రమే చూసి తీర్పు చెబుతాడు. ఆ తీర్పులు, అంటే ఇది పంగ, ఇది వంపు, ఇవి రెండు చెట్లు అనే గుర్తులు, కంప్యూటర్‌కు మళ్ళీ పాఠంగా ఉపయోగపడతాయి. డీప్ లెర్నింగ్ పద్ధతులకు ఇటువంటి గుర్తులు పెట్టిన ఉదాహరణలు వేలల్లో కావాలి. వాటిని బల్లపరుపు తెరపై పెట్టడం కన్నా మేఘంలో నిలబడి పెట్టడం సులువు. మరో ప్రయోజనం శిక్షణ. నలభై ఏళ్ళు తోటల్లో తిరిగిన వ్యక్తి ఒక మాను చూసి ఎన్ని దుంగలవుతాయో చెప్పే తీరును విద్యార్థులు పక్కనే నిలబడి గమనించవచ్చు, ఒకే చెట్టును పదిమంది చేత విడివిడిగా అంచనా కట్టించి పోల్చవచ్చు.

మన రెండు రాష్ట్రాల మాట. ఇక్కడ జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు రైతులు తమ పొలాల్లో వేసుకున్నవే ఎక్కువ. కాగితపు గుజ్జు కోసం నాలుగైదేళ్ళకు కొట్టే ఈ సన్నని మానులకు హెడ్‌సెట్ దండుగ. సరకు టన్నుల్లో తూకానికి పోతుంది. నేల చదునుగా ఉంటుంది, వరుసల ఎడం తెలుసు, టేపు సరిపోతుంది. పైగా కొట్టిన మోడు నుంచి వచ్చే పిలకల పంటలో ఒకే మొదలు నుంచి మూడు నాలుగు కాండాలు లేస్తాయి. బిందు మేఘంలో వాటిని విడదీయడం చాలా కష్టం. అటువంటి తోటలో రైతుకు నష్టం జరిగేది సాధారణంగా కొలత సాధనం లేక కాదు. దళారి కంటి అంచనాతో ఎకరాకు ఇంత అని గుత్తగా బేరం కుదిరినప్పుడు. అటువంటప్పుడు రైతు తానే పది చిన్న నమూనా ప్లాట్లు వేసుకుని చుట్టుకొలతలు రాసుకుంటే చాలు.

టేకు విషయం వేరు. దీర్ఘకాలపు పంట, దుంగ నాణ్యతను బట్టి ధర, పంగలూ వంపులూ తరచు. పైగా టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి కొన్ని వారాలపాటు దాదాపు మోడుగా నిలుస్తుంది. ఏడాది పొడవునా సూదిఆకులతో నిండి ఉండే రేడియేటా పైన్‌కు లేని అవకాశం ఇది. ఆ వారాల్లో స్కాన్ చేస్తే లేజర్ నేల వరకు దిగుతుంది, మాను కొన దాకా తేటగా వస్తుంది. ఆ కాలంలో పొదలు కూడా ఎండి పలచబడతాయి. మన విశ్వవిద్యాలయాలలో ఈ దిశగా పరిశోధన చేపట్టదలచినవారు ముందుగా ఆకు రాలిన టేకు తోటలో కొన్ని ప్లాట్లు స్కాన్ చేసి, ఆ తరువాత అదే ఏడు పలచన చేసేటప్పుడు కొట్టిన చెట్లను నేలమీద కొలిచి పోల్చడం తగిన ఆరంభం కాగలదు. విదేశీ సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు రొమ్ము ఎత్తును 1.3 నుంచి 1.37 మీటర్లకు మార్చుకోవడం మరువకూడదు. మన కలప డిపోల్లో ఇంకా వినబడే చుట్టుకొలతలో నాలుగో వంతు లెక్కతో పోల్చేటప్పుడు, ఆ లెక్క స్తంభాకారపు అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపుతుందన్న సంగతినీ గమనించాలి. లేకపోతే లేజర్ ఎక్కువ చూపుతున్నదని తొందరపడి నిర్ణయానికి వస్తాము.

ఇక లేజర్ చూసేది బెరడు పైభాగాన్ని మాత్రమే. బెరడు మందం తీసివేయడానికి ఆ జాతికి, ఆ వయసుకు తగిన పట్టిక వేరుగా ఉండాలి. ఎర్రచందనం వంటి వృక్షంలో విలువంతా లోపలి చేవలోనే ఉంటుంది. అది ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి మానులోకి బోలుగా ఉండే బరమా దింపి సన్నని నమూనాను వెలికితీసి చూడడమే ఇప్పటికీ అనుసరించవలసిన మార్గం.